ఏ ఆకుపచ్చ?

ఏలూరులో బైకు ట్యాంకులకు స్ప్రే గన్‌తో రంగులేసే దస్తగిరి, కొల్లేటికోట నుంచి వచ్చినావిడ ముందు మూడు ప్లాస్టిక్ చెంచాలు పెట్టాడు. ఒక్కోదాని మీదా ఒక్కో రకం ఆకుపచ్చ పూసి ఉంది. పక్కనే రంగు వెయ్యని మిలిటరీ లారీ బొమ్మ, జానెడుంది.

"మీ అబ్బాయి చేసిందా అమ్మా?"

"సెలవులో వచ్చినప్పుడు అతికించాడండీ. రంగు మళ్ళీ వచ్చినప్పుడు వేస్తానన్నాడు."

"ఆయన నడిపింది ఇలాంటి లారీయేనా?"

"ఇదేనండీ. దీంతోపాటే లోయలో పడిపోయాడు."

దస్తగిరి మూడో చెంచా ముందుకు జరిపాడు.

"అయితే ఈ మూడోదమ్మా. అసలు లారీ రంగు ఇదే. మెరుపుండదు."

"ఎందుకుండదు?"

"మెరిస్తే శత్రువుకి కనపడుద్దండీ. చెట్లలో కలిసిపోవాలి."

"కలిసిపోయింది బాబూ. వెతకడానికొచ్చిన హెలికాప్టరు రెండుసార్లు మీద నుంచే పోయిందంట. తొమ్మిదో రోజున దొరికాడు."

దస్తగిరి ఆ చెంచా వెనక్కి తీసుకున్నాడు. ఆవిడే మళ్ళీ అంది:

"వాళ్ళ నాన్న దోనె ముక్కుకి ఎర్రరంగు వేసేవారండీ, కొల్లేట్లో కిక్కిస గడ్డి దుబ్బుల్లో తప్పిపోయినా కనపడాలని. దీనికీ అదే వెయ్యండి."

"మిలిటరీ బండికి ఎరుపా అమ్మా? చూసినోళ్ళు నవ్వుతారు."

"చూస్తారు గదా బాబూ," అందావిడ.