పందికన్నా చిన్నగా

కదలకత్తా! పెదవి దగ్గరున్నాను. ఇప్పుడు మూతి ముడిచావంటే, ఆ ముడత తీర్పు రోజు దాకా గుళ్ళో ఉండిపోతుంది.

అసలు బొమ్మని ఎందుకు చూడనిచ్చానా అనిపిస్తోంది. చూశావు, గబగబా సిలువ గుర్తు వేసుకున్నావు. అప్పట్నుంచీ ఆ చూపేంటి, నేనేదో నీ నెత్తిన కొమ్ములు వేసినట్టు?

"చిన్నగా వెయ్యి, చిన్నగా వెయ్యి" అంటావు. ఎంత చిన్నగా? మా మేస్త్రి ఉగుచ్చోనే గారు నీకోసం గీసిన మొదటి నమూనా చూశావా? పాత పద్ధతి. వెనకంతా బంగారు రేకు. మధ్యలో పునీత అంతోనివారు, గంటస్తంభమంత. ఆయన కాళ్ళ దగ్గర, ఎప్పుడూ ఆయన్ని అంటిపెట్టుకుని ఉండే పంది. ఆ పంది చెవి కింద మోకరించి, చేతులు జోడించి... ఎవరనుకున్నావు? నువ్వే! పందికన్నా చిన్నగా! పంది తినబోతున్న పుట్టగొడుగనుకోరూ జనం?

నవ్వకు, పెదవి! నవ్వలేదా? సరే, ఏడవకు కూడా.

ఇంకో సంగతి. ముసలి మొహాలకి రంగులో పల్లె కోడిగుడ్డు సొన కలపాలి, ఎర్రగా ఉంటుంది. పడుచు మొహాలకి పట్నం కోడిది, కాస్త పాలిపోయి ఉంటుంది. నీకు పట్నం కోడిదే కలిపాను. మేస్త్రికి చెప్పకు.

తెలుసత్తా, తెలుసు. పునీతులంత ఎత్తున మామూలు మనిషిని వేస్తే పొగరనీ, ఆ పొగరు వెళ్ళి పోయిన బెర్తోల్దో మామయ్య నెత్తిన పడుతుందనీ, పాపాలు కడుక్కుంటూ ఉత్తరించు స్థలంలో కాలుతున్నవాడు ఇంకాస్త లోపలికి జారతాడనీ నీ భయం. ఫాదర్ తెదాల్దో గారు తనే చూసి తేలుస్తానన్నారుగా! సాయంత్రపు గంటకి ఆయనే వస్తారు. తల ఊపారా, ఈ బొమ్మ బలిపీఠం ఎక్కుతుంది, మామయ్య పేరున పూజ జరుగుతుంది. ఊపలేదా, అంతా గోకేసి మళ్ళీ బంగారం.

నాకు మాత్రం భయం లేదా? మా అమ్మకి అన్న కాడూ ఆయన? అద్దకపు తొట్ల చుట్టూ నన్ను భుజాన ఎక్కించుకు తిప్పినవాడు కాడూ?

ఒక్కటి చెప్పు. ఆఁ, చెప్పకు! కళ్ళు మాత్రం అటు తిప్పు. కిటికీలోంచి ఆర్నో నది వంతెన కనబడుతోందా? దాని మీద చేపలమ్మే పియెరా? గోరంత ఉంది కదూ? వినయంతో కుంచించుకుపోయిందంటావా? దాని నోటికి ఊరంతా జడుస్తుంది! దూరంగా ఉంది కాబట్టి చిన్నగా ఉంది, అంతే. ఈ కొత్త పద్ధతిలో కథంతా అదే. మేకు కొట్టి, దారం లాగి, నేల మీద గళ్ళు గీశాను. ఎవరెక్కడ నిలబడితే అంత. ఎక్కువా తక్కువా నేలకి తెలీదత్తా.

నిన్ను చిన్నగా వెయ్యాలంటే, ఇదిగో, ఈ కొండ మీద వెయ్యాలి. అక్కణ్ణించి అరుచుకో మామయ్య సంగతి! అంతోనివారు అసలే ముసలాయన, ఎడారిలో ఉండీ ఉండీ చెవుల్లో ఇసుక పోసుకున్నవాడు. వినిపిస్తుందా? ఇక్కడైతే చూడు, నీ వైపు వంగాడు. ఆయన చెవి నీ నోటి పక్కనే.

ఇప్పుడు మాట్లాడొచ్చు, పెదవైపోయింది.

అయ్యో, గంట. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆయనే.

అత్తా, లేచావేం? ఎక్కడికి? ఆ గుడ్డ ముట్టుకోకు, దాంతో తుడిచావంటే నీ మొహమే పోతుంది!

...బొమ్మ ముందు మోకాళ్ళేశావా. ఏమిటి గొణుగుతున్నావు? నాతో కాదా?

ఓహో. బెర్తోల్దో పేరు వినబడింది. చెప్పు, చెప్పుకో. అందుకేగా అంతోనివారిని వంచింది.

దయచెయ్యండి ఫాదర్! ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగండి, మా అత్త మాట్లాడుకుంటోంది.

అత్తా, నీ ఒక్కదానికే చెబుతున్నాను, ఇందాక దాచాను. బొమ్మలో నువ్వు అంతోనివారికన్నా ఓ అడుగు ముందున్నావు కదా? దారం లాగి చూస్తే, నీ తల ఆయన తలకన్నా వేలెడు పెద్దదొచ్చింది. చెరిపి చూశాను, తగ్గించి చూశాను. దారం ఒప్పుకోలేదు. ఫాదర్ గారి కన్ను కొలబద్ద. నీకు పుణ్యముంటుంది, ఆయన వెళ్ళేదాకా అలాగే, బొమ్మలో ఆ తలకి అడ్డంగా, మోకాళ్ళ మీదుండు.

లేచావా, నీ వెనక నువ్వు బయటపడతావు.