నాసరయ్య మంచం దిగిన కథ

నాసరయ్య లేడూ, నులక మంచాలు అల్లే నాసరయ్య, ఆయనకి తలలో గడ్డ లేచింది. గుంటూరు తీసకపోయి కోయించారు. గడ్డయితే తీశారు గానీ, ఏమైందంటే, దాంతోపాటు నిద్ర కూడా పోయింది. ఎట్టాంటి మడిసనుకున్నారు, సగం అల్లిన మంచం మీదే ఒరిగి గురక పెట్టేవాడు. అట్టాంటోడికి రెండు నెల్లాయె, రెప్ప పడదంట. చేతులు వణికి నులక పట్టు దొరకదంట. చెయ్యి పోతే ఇంకేముంది ఆయనకి? పెళ్లాం పున్నమ్మ, పాపం దాని ప్రేమ దాన్ని ఊరుకోనీదు, మంచం దిగనిచ్చేది కాదు. కాఫీ మంచం మీదే, అన్నం మంచం మీదే, పలకరించడానికి పోయినోళ్లం మేమూ మంచం మీదే కూర్చునేవాళ్లం. నేనూ కూర్చున్నా, అబద్ధమెందుకు. మూడు బత్తాయిలు పెట్టి, ఏం కాదులే అన్నా, అని చెప్పి వచ్చా.

నిద్రబిళ్లలు రాయించుకుందామని మళ్లీ గుంటూరు పోయారు. డాక్టరు ఏం చేశాడంటే, బిళ్లలు రాయకుండా పక్కగదిలో, మాటలతోనే వైద్యం చేసే మేడం దగ్గరికి పంపాడంట. ఆమె చేతిలో సూది లేదు, మెళ్లో గొట్టం లేదు, నాడైనా చూళ్లేదంట. "మంచం మీద ఏం చేస్తావు నాసరయ్యా" అని అడిగిందంట. అన్నీ అక్కడేనమ్మా, తింటా, పెంకులు లెక్కపెడతా, కాపలా కాస్తా అన్నాడంట. దేనికయ్యా కాపలా అంటే, గడ్డ మళ్లీ వచ్చిద్దేమోనని, అన్నాడంట. దానికి స్కానింగు ఉందిగా, నువ్వెందుకు కాయడం అని, ఆమె ఏం చెప్పిందంటే, రాత్రి పదకొండు దాకా మంచం ఎక్కబాక, నిద్ర పట్టినా పట్టకపోయినా ఐదింటికి లెయ్యి, పగలు కునుకు తియ్యబాక, ఎక్కినాక నిద్ర రాకపోతే మంచం దిగి కుర్చీలో కూర్చో, వచ్చినప్పుడే ఎక్కు, మంచం నిద్రకి తప్ప ఇంక దేనికీ కాదని నీ ఒంటికి తెలియాల. మరి భయమో అన్నాడంట ఈయన. "భయానికి వేరే టైము ఇస్తా. రోజూ సాయంత్రం నాలుగింటికి అరుగు మీద అరగంట కూర్చుని తీరిగ్గా భయపడు. మంచం ఎక్కినాక వస్తే, రేపు నాలుగింటికి రమ్మని చెప్పు." నాకిదే వింత. భయానికి టైమేందే అని పున్నమ్మని మూడుసార్లు అడిగా.

ఇప్పుడు అసలు సంగతి ఇనండి. బస్టాండులో ఉండగా నాసరయ్య వాళ్లన్న గురవయ్య ఫోను చేశాడు, ఏమన్నారమ్మా అని. పున్నమ్మ ఏం చెప్పిందంటే, "మందులేం లేవన్నారు బావగారూ, మంచం దించమన్నారు." అంతే, బస్సొచ్చింది, పెట్టేసింది. మనకైతే చెప్పక్కర్లా, రాసుకునే ఈ అబ్బాయికి చెప్పాల. పాణం పోయే ముందు మడిసిని మంచం మీంచి చాప మీదకి దించుతారు నాయనా. ఇంక చూడు గురవయ్యని. తమ్ముడి కూతురికి కబురు పెట్టాడు, తమ్ముడింటి వసారా ఊడిపించాడు, చాప పరిపించాడు, చెంబుతో తులసి నీళ్లు పట్టుకుని కూర్చున్నాడు. పాతికమందిమి పోయాం. నేనయితే దారిలోనే ఏడుపు మొదలెట్టా. అంతలో నాసరయ్య బస్సు దిగి, సంచీ భుజానేసుకుని నడిచొస్తన్నాడు. జనాన్ని చూసి "ఎవురు పోయారు?" అన్నాడు. గురవయ్య చెంబు వెనక్కి దాచుకున్నాడు. పున్నమ్మకి చాప కనపడింది, తానేమందో అప్పుడు తెలిసొచ్చి, నోట్లో కొంగు కుక్కుకుంది.

సంగతి తెలిసి నాసరయ్య నవ్వుతాడనుకున్నాం. నవ్వలా. అరుగెక్కి, వసారాలో గోడ గడియారం చూసి, నాలుగయింది, నా భయం టైము, అందరూ కూర్చోండి అన్నాడు. కూర్చున్నాం, ఏం చేస్తాం. కన్ను మూస్తే ఇంక పున్నమ్మ మొహం కనపడదేమోనని కళ్లు తెరుచుకునే పడుకుంటన్నా అన్నాడు. "రెణ్ణెల్ల నుంచి చెబుదామనే చూస్తన్నా. నోరు తెరిస్తే చాలు, ఏం కాదులే అంటారు." అని నా వైపే చూశాడు. నా బత్తాయిలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ రోజు ఏం కాదులే అనడానికి ఎవరికీ నోరు రాలా, చాప పరిచింది మేమే కదా. చివరిదాకా ఇన్నాం. మొగుడి మొహాన్నే చూస్తా పున్నమ్మ ఏడిస్తే, మాకూ ఆగలా. అరగంటయ్యాక ఇంక చాలు, మిగతాది రేపు అని లేచాడు. గురవయ్యకి ఏం చెయ్యాలో తోచక ఆ తులసి నీళ్లు తనే తాగేశాడు.

ఆ రోజే నిద్ర పట్టిందనుకునేరు. పది రోజులు నరకం చూశాడు. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం, దిగినప్పుడల్లా కుర్చీలో కూర్చుని నులక పేనడం. పగలు తూగితే పున్నమ్మ మొహాన నీళ్లు కొట్టేది. తర్వాత మూడు గంటలు పట్టింది, ఆ తర్వాత నాలుగు. ఒక రోజు ఐదయినా లేవలా. పున్నమ్మ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే, "పొద్దున్నే ఏందే నీ గోల" అని తిట్టాడంట. ఆ తిట్టు తిన్న సంగతి పున్నమ్మ వీధంతా తిరిగి చెప్పుకుంది. గడ్డ సంగతంటారా, అప్పుడప్పుడూ పోయి స్కానింగు తీయించుకొస్తన్నాడు, మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలా. చెయ్యి మాత్రం కుదిరింది, మా ఇంటి మంచం మొన్న ఆయనే అల్లాడు. నాలుగింటికి ఆ అరుగు మీదకి ఇప్పుడు నేనూ పోతన్నా, నా భయాలు నాకున్నాయి. గురవయ్యా వస్తన్నాడు, ఇంకో నలుగురొస్తన్నారు. చోటు చాలట్లా. పక్కన మంచం వాల్చుకుందామంటే మాత్రం నాసరయ్య ఒప్పుకోడు.