సాక్సనీ రాయబారి బదులు మా ముత్తాత

"రండి నాయనా, దగ్గరకు జరగండి. పొంగలి చల్లారినా పర్వాలేదు, ఈ మాట మాత్రం వేడిగా ఉండగానే వినాలి. రాముడి దయవల్ల మా ముత్తాత సోమయ్యగారు ఒక బ్రిటిష్ దొర దగ్గర వంటవాడు. ఆ దొరని లండన్ వాళ్లు జర్మన్ల సాక్సనీ రాజ్యానికి రాయబారిగా వేస్తే, చారు లేనిదే ముద్ద దిగదని మా ముత్తాతని కూడా డ్రెస్డెన్‌కి వెంటబెట్టుకెళ్లాడు. ఇంతే, పెద్ద విషయమేం కాదు."

అమెరికాలోని అరోరా ఊరి రాముడి గుడి బేస్‌మెంట్‌లో ప్రసాదం తింటున్నవాళ్లంతా యజ్ఞనారాయణగారి చుట్టూ చేరారు. అప్పుడే కమిటీ ప్రెసిడెంట్ గౌరీశంకర్ గబగబా మెట్లు దిగాడు.

"పక్కింటావిడ డ్రైవ్‌వేకి అడ్డంగా ఎవరో వ్యాన్ పెట్టారండీ! ఆవిడ ఇంకోసారి సిటీకి కంప్లైంట్ చేస్తే శనివారం కల్యాణానికి పర్మిషన్ క్యాన్సిల్. ఎవరిది?"

యజ్ఞనారాయణగారు చెయ్యి ఊపేశారు.

"పైన ఉన్నవాళ్లది అయ్యుంటుందిలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా రాజుగారి విందు రోజున దొరకి గొంతు పట్టేసింది. 'సోమయ్యా, నా బదులు నువ్వెళ్లు' అని సైగ చేశాడు."

"వంటవాణ్ణా?" అంది డాక్టర్ భానుమతి. "మొన్న ఉగాదికి చెప్పినప్పుడు బవేరియా అన్నారు, అన్నయ్యగారూ."

"రాయబారులన్నాక ట్రాన్స్‌ఫర్లు ఉండవా అమ్మా! సరే, వెళ్లాడు. పంచె, పిలక, పైన దొరగారి పతకాల కోటు. సభలో ప్రష్యా రాయబారీ, ఆస్ట్రియా రాయబారీ కత్తులు దూసి నిలబడ్డారు. మా ముత్తాత మాట్లాడలేదు, చెరో ఆవకాయ ముద్ద నోట్లో పెట్టాడు. ఇద్దరూ కళ్లనీళ్లతో కావలించుకున్నారు. యుద్ధం ఆగిపోయింది."

"ఏ యుద్ధం?"

"ఆగిపోయిందిగా, ఇంక దానికి పేరెందుకుంటుంది? మర్నాడు తెల్లవారుజామున ఎల్బ్ నది గడ్డకట్టేసి ఉంది. సంధ్యావందనానికి చుక్క నీళ్లు లేవు. గట్టున నిలబడి గాయత్రి అందుకున్నాడు చూడండీ, నది నదంతా పొగలు కక్కింది! రాజ్యం మొత్తం వేణ్ణీళ్ల స్నానం చేసింది. రాజు సింహాసనం దిగొచ్చి 'సగం సాక్సనీ నీది' అని..."

"పక్కింటావిడ ఫోన్ తీసిందండీ!" గౌరీశంకర్ కిటికీలోంచి చూస్తూ అరిచాడు.

"...అని కాళ్ల మీద పడితే..."

"అన్నయ్యగారూ," భానుమతి కళ్లు చిట్లించింది. "వ్యాన్ మాట వచ్చినప్పుడల్లా మీ గొంతు పెరుగుతోందేమిటి?"

"నా గొంతా? రాముడి సన్నిధిలో చెబుతున్నా, ఆ వ్యాన్..." అని ఆగిపోయారాయన.

ఆయన ప్లేటు పక్కనున్న తాళంచెవి తీసి భానుమతి బటన్ నొక్కింది. పక్కింటి వైపు నుంచి హారన్ మోగింది.

"పొద్దున మైకులో పార్కింగ్ రూల్స్ చదివింది మీరే కదండీ!" అన్నాడు గౌరీశంకర్.

నవ్వులు ఆగేదాకా ఉండి, యజ్ఞనారాయణగారు చెయ్యి తుడుచుకుని లేచారు.

"వెళ్తున్నా నాయనా. సాక్సనీ సంగతి మర్చిపోయినా నేనేమీ అనుకోను. యజ్ఞనారాయణ తనంతట తానే పక్కింటి గుమ్మానికెళ్లి, చేతులు జోడించి, సారీ చెప్పి సీతారాముల కల్యాణం నిలబెట్టాడు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. శనివారం వచ్చినవాళ్లందరికీ చెప్పండి. 'తనంతట తానే' అన్న ముక్క మాత్రం మరవకండి."