పాలు పొంగే దూరం

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళకు, మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు, షెడ్డులో పని మధ్యలో ఆపి, మెడలో టేపులు కూడా తీయకుండా పరుగున వచ్చిన మెల్లక్క తోటి కుట్టుపనివాళ్ళకు, ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్న ఆమె ఇంటివాళ్ళకు, అందరికీ నమస్కారం.

మెల్లక్క మనల్ని విడిచి వారమైంది. ఈ వారంలో ఆమెను తలుచుకోని ఇల్లు మన వీధిలో లేదు.

నేను మైకు ముందు నిలబడటం ఇదే మొదటిసారి. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. అందుకని మా పరుగు గుంపులో ఆడవాళ్ళంతా "చదువుకున్నదానివి, నువ్వే మాట్లాడు" అని నన్ను ముందుకు తోశారు. నిన్నంతా కూర్చుని రాసుకున్నాను. ఏడిపించే మాటలే రాసుకున్నాను. కానీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు నా కళ్ళలో నీళ్ళు ఆరిపోయేలా చేశారు. రాసుకున్న కాగితం మడిచి లోపల పెట్టేశాను.

ఏమన్నారు పెద్దలు? "మంచి మనిషి. పనిమంతురాలు. ఆ పరుగుల పిచ్చి ఒక్కటీ లేకపోతే ఇవాళ మన మధ్యే ఉండేది" అన్నారు. ఒకరు కాదు, మాట్లాడిన ప్రతి ఒక్కరూ అన్నారు. ఒకాయనైతే "ఈ వయసులో ఆడవాళ్ళకు పరుగులేమిటి, ఇంటిపట్టున ఉండక" అని మా వరుస వైపు చూస్తూ మరీ అన్నారు. మేం తలలు దించుకుంటామనుకున్నారు కాబోలు.

అయ్యా, మేం దించుకోం.

మెల్లక్క పరుగెత్తడం వల్ల చనిపోలేదు. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను లేచాను. ఆమె ఎలా పోయిందో కళ్ళారా చూసినదాన్ని, చెప్తాను. కానీ ముందు ఆమె ఎలా పరుగెత్తిందో చెప్తాను. ఎందుకంటే ఇక్కడున్న చాలామందికి అది తెలియదు. తెలియకుండానే దానికి పిచ్చి అని పేరు పెట్టారు.

ఆమె పని మీకు తెలుసు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో, కిటికీ పక్క మిషను ఆమెది. మనవాళ్ళ పిల్లల చొక్కాల్లో సగం ఆమె చేతి మీదుగా వచ్చినవే. ఒకరోజు నాతో అంది, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొక్కుతూనే ఉంటానే అమ్మాయ్. నేను తొక్కిన తొక్కుడికి ఈపాటికి సముద్రాలు దాటేయాలి. ఎదురుగా గోడకున్న క్యాలెండరు కూడా దగ్గరికి రాలేదు!" అని. నవ్వుతూనే అంది. తర్వాత నవ్వడం ఆపి, "ఈ కాళ్ళు అసలు ఎంతవరకు పోతాయో చూడాలని ఉంది" అంది.

చూడటానికి తీరికేది? పొద్దున వంట, క్యారేజీలు, పిల్లలు, అత్తగారి మందులు, ఆ తర్వాత షెడ్డు. సాయంత్రం మళ్ళీ అదే వరుస, కింద నుంచి పైకి. తన సొంతానికి ఆమెకు రోజులో ఎంత సమయం మిగిలిందో తెలుసా? పాలు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గిస్తే, అవి పొంగేలోపు ఉండే సమయం. అంతే. మనలో ఎవరైనా ఆ సమయంలో పాలగిన్నె ముందు నిలబడి ఆవలిస్తాం. మెల్లక్క వీధిలోకి పరుగెత్తింది.

వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళి, పాలు పొంగేలోపు వెనక్కి రావాలి. అదీ ఆమె పెట్టుకున్న మొదటి దూరం. మొదటిరోజు కొట్టు దాకా పోలేకపోయింది. మూడిళ్ళు దాటి, కరెంటు స్తంభం పట్టుకుని, గుండె నోట్లోకి వచ్చి నిలబడిపోయింది. ఎవరైనా చూసి అడిగితే, పిల్లి ఏదో ఎత్తుకుపోతే దాని వెంట పడ్డానని చెప్పాలని అబద్ధం కూడా సిద్ధం చేసుకుందట! మర్నాడు స్తంభం దాకా పరుగు, తర్వాతి స్తంభం దాకా నడక. అలా, అలా, కొట్టు దాకా వెళ్ళింది. కొట్టు గోడను చేత్తో తట్టి వెనక్కి తిరిగింది. ఆ తట్టిన చెయ్యి చూపిస్తూ మా అమ్మకు చెప్పింది. ఆ మర్నాటి నుంచి మా అమ్మ కూడా పాలు పొయ్యి మీద పెట్టి బయలుదేరింది.

తర్వాత కూరల కొట్టు పిన్ని చేరింది. ఆసుపత్రిలో చేసే నర్సు వదిన చేరింది. ఎవరి గిన్నె వాళ్ళ పొయ్యి మీద. పాలు పొంగే దూరం అలవాటయ్యాక స్నానాల నీళ్ళు కాగే దూరం. అది దాటాక బట్టలు నానే దూరం. మీరంతా కిలోమీటర్లలో కొలుస్తారు. మేం ఇంటిపనుల్లో కొలిచాం. నవ్వొస్తోందా? నవ్వండి, మేమూ నవ్వుకున్నాం. కానీ నవ్వయ్యాక ఒక్కసారి ఆలోచించండి. కాళ్ళు బయట పరుగెడుతుంటే చెవులు ఇంట్లో పొయ్యి దగ్గరే ఉండటం ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసు?

ఆమెకు మెల్లక్క అనే పేరు ప్రేమగా పెట్టింది కాదు. మొదట్లో వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు "మెల్లగా అక్కా, రోడ్డు అరిగిపోతుంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె ఆ పేరు ఏరుకుని జేబులో వేసుకుంది. "మెల్లగా అంటే తిట్టా? నేను చెప్పేదీ అదే కదా" అంది. మా గుంపుకు ఆమె పెట్టిన నియమం ఒక్కటే. అందరికంటే మెల్లగా పరుగెత్తేవాళ్ళే అందరికంటే ముందుండాలి. మిగతావాళ్ళు వాళ్ళ వెనక. వాళ్ళను దాటకూడదు. "ఇవాళ ఆయాసపడి ఇంటికెళ్తే రేపు రావాలనిపించదే. రేపు రావడమే మన పందెం" అనేది. అందరికంటే మెల్లగా పరుగెత్తేది మా అమ్మ. పెళ్ళిలోనూ, రేషను దగ్గరా, ఆసుపత్రిలోనూ ఎప్పుడూ ఏ వరుసలోనైనా చివరే నిలబడే మా అమ్మ మొదటిసారి ఒక వరుసకు ముందు నిలబడింది. వెనక నుంచి ఆమె వీపు చూస్తూ పరుగెత్తాను నేను. ఆ వీపు నిటారుగా ఉంది. ఇంట్లో నేనెప్పుడూ దాన్ని అలా చూడలేదు. దీన్నా మీరు పిచ్చి అన్నది?

మాడిన గిన్నె కథ మీ అందరికీ తెలుసు, ఎందుకంటే మెల్లక్క అత్తగారు ఆ గిన్నెను పట్టకారుతో పట్టుకుని గేటు దగ్గర నిలబడి వీధంతటికీ చూపించారు. పెద్దమ్మా, మీరు ఇక్కడే ఉన్నారు, అబద్ధమైతే చెప్పండి. ఆరోజు కొట్టు గోడ తట్టాక మెల్లక్క ఆగలేదు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయట, మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. పాలు పొంగి, ఇగిరి, మాడి, గిన్నె బొగ్గయింది. పెద్దమ్మ "నా కోడలు ఒలింపిక్స్‌కి పోయింది, మీ ఇంట్లో చారెడు పాలుంటే పొయ్యండి" అని ప్రతి ఇంటి ముందూ చాటారు. మెల్లక్క తిరిగొచ్చి, పట్టకారు నుంచి గిన్నె అందుకుని, తోమకుండా దాచింది. మా గుంపుకు గెలుపు కప్పు అదే. కొత్త దూరం చేరినవాళ్ళ ఇంట్లో ఆ నల్లగిన్నె వారం ఉండేది.

ఆ పెద్దమ్మే, ఆ తర్వాత, తనంతట తానే ముక్కాలిపీట తెచ్చుకుని పొయ్యి ముందు కూర్చున్నారు. "పోవే, పాలు నేను చూస్తాలే. పాలేమన్నా పారిపోతాయా" అన్నారు. కాళ్ళు సరిగా వంగని పెద్దావిడ. అయ్యలారా, మన వీధిలో పరుగెత్తే ఆడదాని పొయ్యి తాను చూస్తానన్న మనిషి ఆమె ఒక్కరే. వంగే కాళ్ళున్నవాళ్ళెవరూ అనలేదు.

మెల్లక్క కోరిక ఒకటి చెప్పాలి. ఒకరోజు పెద్దరోడ్డు మీది కాలివంతెన దిగి, అవతలి నీళ్ళ ట్యాంకు గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ అంది, "ఒక్కరోజు ఏదీ పొయ్యి మీద పెట్టకుండా పరుగెత్తాలే. వెనక ఏదీ కాగకూడదు, ఏదీ నానకూడదు. అప్పుడు ఎంత దూరం పోతానో నాకే తెలీదు."

ఆ రోజు రాలేదు.

ఇక ఆ ఉదయం సంగతి. తెల్లారింది, దారి బాగానే కనిపిస్తోంది. పెద్దరోడ్డు అవతల ట్యాంకు దాకా వెళ్ళాం. వెనక్కి తిరిగాం. రోడ్డు దాటాలంటే కాలివంతెన ఎక్కి దిగాలి. రోజూ అలాగే దాటుతాం. ఆమె పెట్టిన పద్ధతే అది.

మొదట మోగింది మా అమ్మ ఫోను. మా నాన్న. టీపొడి ఎక్కడ అని. టీపొడి, టీపొడి డబ్బాలోనే ఉంది. తర్వాత పిన్ని ఫోను. ఆమె కొడుకు. "అమ్మా, నన్ను లేపలేదేంటి?" అని. లేచాడు కాబట్టే కదా ఫోను చేశాడు! మేం నవ్వుకున్నాం. నవ్వు అవకముందే మెల్లక్క ఫోను మోగింది. వాళ్ళాయన. తువ్వాలు కనబడటం లేదట. "తలుపు వెనక మేకుకే ఉంది" అంది. కనబడటం లేదట. "అక్కడే ఉంటుంది, చూడండి" అంది. ఆలస్యమవుతోందట, ఇంతకీ వస్తున్నావా లేదా అట.

"వస్తున్నా, వస్తున్నా" అంది. మావైపు తిరిగి "మీరు వంతెన మీదుగా రండి" అని చెయ్యి ఊపింది. వంతెన ఎక్కలేదు. రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. వ్యాను వచ్చింది. డ్రైవరు తప్పేం లేదు, అతను బ్రేకు వేశాడు.

ఆమె నోట నేను విన్న చివరి మాట "వస్తున్నా".

ఏళ్ళ తరబడి మెల్లగా, మెల్లగా అని మాకు నేర్పిన మనిషి ఒక్కసారి తొందరపడింది. ఎవరికోసం? దేనికోసం? ఆ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. తువ్వాలు తలుపు వెనక మేకుకే ఉంది.

ఆ ఫోను చేసిన మనిషిని వేలెత్తి చూపడానికి నేను రాలేదు. ఆయన దుఃఖం ఆయనది, అది అబద్ధం కాదు. ఆ ఉదయం మా ఇంటి నుంచీ ఫోను వచ్చింది, పిన్ని ఇంటి నుంచీ వచ్చింది. ముందు మోగిన ఫోనుకు మా అమ్మే పరుగెత్తి ఉంటే ఈ హాల్లో ఫొటో వేరేది ఉండేది. అందుకే అంటున్నాను, ఆమెను చంపింది పరుగు కాదు. పరుగు ఆపి వెనక్కి రమ్మనే ఆ పిలుపు.

మరి ఈ వారంలో మనం ఆపించింది దేన్ని? పిన్ని బూట్లు అటకెక్కాయి. నర్సు వదినకు "ఇక చాల్లే" అని ఇంట్లో చెప్పేశారు. మా అమ్మను మా నాన్న గుమ్మం దాటనివ్వడం లేదు. నీ ప్రాణం కోసమే అంటున్నాడు. నాన్నా, నువ్వు వెనక వరుసలో ఉన్నావు, నీకు భయం వేసిందని నాకు తెలుసు. కానీ భయం వేసినవాడు ఏం చేయాలి? "ఇకనుంచి టీపొడి నేనే వెతుక్కుంటాను" అనాలి. వీధిలో ఏ ఒక్క మగవాడైనా ఆ మాట అన్నాడా? బూట్లు దాచారు. ఫోను ఒక్కరూ దాచలేదు.

రేపు పొద్దున మేం కిరాణా కొట్టు దగ్గర కలుస్తాం. మా అమ్మ ముందుంటుంది. వంతెన ఎక్కుతాం, వంతెన దిగుతాం. పొయ్యి మీద ఏదీ పెట్టి రాం. ఫోన్లు తీసుకురాం. ఎంత దూరం వెళ్తామో మాకే తెలీదు. తిరిగి మాత్రం వస్తాం, నడిచే వస్తాం, ఆలస్యంగా వస్తాం. మీ వస్తువులు అప్పటిదాకా ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇప్పుడు మెల్లక్క కోసం మౌనంగా నిలబడదాం. ఎంతసేపని గడియారం చూడొద్దు. ఈ హాలు వెనక వంటగదిలో ఆ నల్లగిన్నెలో పాలు పోసి, సన్నమంట మీద పెట్టి వచ్చాను. అవి పొంగేదాకా నిలబడదాం.

పెద్దమ్మా, మీరు కూర్చునే ఉండండి. మీరు కాచింది చాలు. అమ్మా, పిన్నీ, వదినా, మీకు వాసన వస్తుంది, చప్పుడు వినిపిస్తుంది, కాళ్ళు లాగుతాయి. కదలకండి. ఆ పొయ్యి కట్టేయడానికి ఇవాళ ఈ హాల్లోంచి ఒక మగవాడు వెళ్ళాలి. ఎవరో నేను చెప్పను. ఎవరూ వెళ్ళకపోతే మాడనివ్వండి, ఆ గిన్నెకు అది కొత్త కాదు.

అందరూ లేవండి.