ఎడమ వైపు, పదకొండవ వరుస

కాదు విజేందర్, కిటికీ సీటు అన్నావు గదా నాయనా, కిటికీ ఏది? రైలు దిగి నీ కారెక్కేదాకా ఓపిక పట్టాను. ఇక అడగక తప్పదు. పదకొండవ వరుస, ఎడమ వైపు, అంచున. కూర్చుని తల తిప్పితే నున్నని తెల్లగోడ! ఆ వరుసకు మాత్రం కిటికీ పెట్టలేదట. ఆ గోడలో చల్లగాలి గొట్టాలు పోతాయని విమానపు అమ్మాయి చిరునవ్వుతో సెలవిచ్చింది.

నవ్వకు. ముప్పై రెండేండ్లు తెలుగు చెప్పినవాణ్ణి. పుష్పకం మీదినుండి నదులూ గిరులూ ఎట్లా కనబడతాయో నీ తరగతికే ఎన్ని దినాలు వర్ణించాను! అంతటివాడు తొలిసారి ఆకాశమెక్కి గోడను దర్శించి వచ్చాడు.

నెల రోజులు పటం ముందేసుకుని కూర్చున్నాను, నీకెరుకే. తిరుపతికి పోయే విమానానికి నందికొండ, అదే సాగర్ ఆనకట్ట, ఎడమన పడుతుంది. రెక్క దగ్గర కూర్చుంటే రెక్కే కనబడుతుంది, కనుక దానికి ముందు. పొద్దుటి ఎండ అటే కొడుతుంది, కొట్టనీ అనుకున్నాం. ఇదంతా నాకోసమా? అదిగో, ఆ బండి దగ్గర చాయ్ తాగుతున్నది చూడు, మా ఇంటావిడ రాజమణి, ఆమె కోసం.

సాగర్ కట్టేనాడు మా అత్త అక్కడ రాళ్ళు మోసింది. ఆ కూలీల గుడిసెల్లోనే రాజమణి పుట్టింది. ఆనకట్టను కిందినుండి ఎన్నిమార్లు చూపినా ఆమెకు తృప్తి లేదు. "గోడను జూసి నేనేం జేయాలయ్యా? మా అమ్మ ఎన్ని నీళ్ళాపిందో మీదికెల్లి ఒక్కపారి జూడాలె" అనేది.

ఇంకోసారి? ఇంకోసారి ఎక్కడిది నాయనా! దిగేటప్పుడు చెవుల్లో పోటు లేచి విలవిలలాడింది. బతికుండగా మళ్ళీ ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. అందుకే గదా ఈ రైలు.

ఏమంటివి? వెనుక వరుసకు కిటికీ లేదా? ఉంది. ఎందుకుండదు? అక్కడ వర్షిత అని ఒక కాలేజీ పిల్ల కూర్చున్నది. మా అవస్థ చూసి, "తాతా, మీలో ఒకరు నా జాగలకు రండి, నేను గక్కడ కూసుంట" అన్నది. ఒకరు. విన్నావా?

రాజమణి లేవబోయింది. నేను భుజం మీద చెయ్యి వేశాను. "జర ఆగు. నీకు గుర్తు తెలియదు. సాగర్ రాగానే పిలుస్తా" అన్నాను. సబబే అనుకుని కూర్చున్నది. సబబేనని నేనూ అనుకున్నాను, వెనక్కి పోయి కిటికీ దగ్గర కూర్చున్నాను.

సాగర్ వచ్చింది విజేందర్. కొండల సందుల్లోకి చేతులు చాచుకుని పడుకున్న నీలం! దూరాన ఆనకట్ట సన్నని గీత. అన్నేండ్లు వల్లించిన పద్యాలలో ఒక్కటైనా నాలుకకు రాలేదు. పిలవాలి. పిలుస్తా, ఆ వంపు తిరగనీ. ఈ దీవి దాటనీ...

"వచ్చిందా అయ్యా?" అని ముందునుండి అడిగింది.

ఇంకా లేదు, అన్నాను.

ఏం చూస్తావట్లా? అవును, నేనే అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. మూడవమారు అడగలేదు. అప్పటికి కింద తెల్లగా కమ్ముకున్నది. లేచివచ్చి, "అంతా మబ్బే, ఏమీ కనబడలేదు" అని చెప్పాను.

కొండ మీద వరుసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళకు గూడా చెప్పింది, "మా ఆయన నెల దినాలు కష్టపడ్డడు, మొగులైతే ఆయనేం జేస్తడు" అని. దానికన్నా తిట్టినా బాగుండేది.

నీవేమీ అనకు. నేను చెప్పాలనే ఉన్నది. నలభై రెండేండ్ల కాపురం. ఈ ఒక్క మాటకు నోరు పెగలడం లేదు.

వస్తున్నది. ఉండు, నేను వెనక్కి పోతాను. రాజమణీ, నీవు ముందు కూర్చో, దారి బాగా కనబడుతుంది.

విన్నావా విజేందర్, ఏమంటున్నదో? "నువ్వే కూసో అయ్యా. చూసుడంటే నీకే పాణం" అంటున్నది.

తీయి నాయనా. బండి తీయి.