ఫిలిప్పీ పత్రిక, ఐదో అధ్యాయం

హలో… హలో… ఆ, నేనేనండి, జ్ఞానసుందరిని. కళింగపట్నం బైబిలమ్మని… కృపానిధి అయ్యగారేనా?

…వందనాలు తరవాత సెప్పుకుందామండి. పోస్టాపీసు నుంచి ట్రంకు కాలు. మూడు నిమిషాలే ఇస్తారట. మీ బల్ల మీద లావుపాటి పుస్తకం ఉన్నాది కదా, ఏ మాట బైబిల్లో ఎక్కడుందో వరసన సూపించేది… అదే. తీసి సూడండి బాబూ—

ఏ మాటంటే… "మోయలేని బరువు దేవుడు ఎవరి మీదా పెట్టడు"… ఆ, అందరూ అంటారు. అనడం కాదు, పుస్తకంలో ఉన్నాదా నేదా? అది తేల్సండి నాకు.

ఎందుకంటే… గున్నమ్మ సచ్చిపోతన్నాదండి!

…అప్పలసూరి పెళ్ళాం. పోయినేడు ఇద్దరికీ మీరే సముద్రంలో బాప్తీస్మం ఇచ్చినారు… ఆ, పడవ అప్పలసూరే. నిన్న పొద్దున్న నుంచి నొప్పులు పడతన్నాది. బిడ్డ అడ్డం తిరిగిపోనాది. మంత్రసాని మరిడమ్మ ఇంక నా వల్ల కాదు, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటన్నాది. సేపల లారీ ఇప్పుడే బయల్దేరతాది. అది దాటితే సాయంత్రం దాకా బస్సు నేదు—

డ్రైవరు ఒప్పుకున్నాడండి! ఒప్పుకోనోడు మొగుడు. గుమ్మానికి అడ్డంగా కూసున్నాడు. "మోయలేని బరువు పెట్టనని దేవుడే రాయించినాడు కదా అమ్మగారూ, ఇప్పుడు ఆసుపత్రికి ఎత్తుకెలితే ఆయన్ని నమ్మనట్టే కదా" అంటన్నాడు… కోపంగా కాదండి. నవ్వు మొకంతో. అదే నాకు బయమేస్తన్నాది.

…మందలించకేటి? నా మాట ఇనబట్టే కదా అలా కూసున్నాడు!

…

ఆ. నేనే నేర్పినాను.

…మా పాపని పాతిపెట్టిన రోజున మిషను పాత దొరసానిగారు నా బుజమ్మీద సెయ్యేసి ఆ మాట అన్నారండి. ఆవిడ నోటంట వచ్చినాదంటే పుస్తకంలోదే అనుకున్నాను. పన్నెండేళ్ళయినాది. పేటలో ఏ ఇంట సావొచ్చినా అదే సెప్పి లేవదీస్తన్నాను—

…ఎక్కడుందని సెప్పినానా? ఒకనాడు అప్పలసూరే అడిగినాడు, ఏ పత్రిక, ఎన్నో అద్యాయం అని. సుట్టూ పదిమంది ఆడోలు కూసున్నారు. బైబిలమ్మని, తెల్దని ఎలాగనేది? ఫిలిప్పీ పత్రిక, ఐదో అద్యాయం అన్నీసినాను.

…ఎన్ని?

…అవునండి. ఆ పత్రికకి ఉన్నవి నాలుగే అద్యాయాలు. ఐదోది కూడా నేనే పుట్టించీసినాను. నవ్వకండి బాబూ…

ఆడికి సదువు రాదు కదా. అందుకే ఆ ఐదో అద్యాయాన్ని అలా పట్టుకున్నాడు—

…దొరికినాదా! ఎక్కడ? …కొరింతీయులకి మొదటి పత్రిక. పదో అద్యాయం. ప్రబువా, అయితే ఉన్నాదా! మరింక ఆడు గుమ్మం వదలడు… ఏటి? మెల్లగా సెప్పండి, గాలి హోరు… శోదన, అదే పాపంలోకి లాగే పరీక్ష, దాని గురించా? నొప్పుల గురించి కాదా? …బరువన్న మాటే నేదా?

…తప్పించుకునే దారి కూడా సూపిస్తాడని ఉన్నాదా? అక్కడే? …నాకెవరూ సెప్పనేదండి ఆ సగం.

పోస్టుమాస్టరు జగన్నాధంగారూ, మీరు ఇంటే ఇన్నారు గానీ గడియారం సూడకండి, మీకు దణ్ణం పెడతాను…

అయ్యగారూ, ఉన్నారా? …ఎల్లి సెప్పడానికి నాకు నోరు రాదండి. సూపు ఆనక తప్పు సదివినాను, అచ్చరాలు కలిసిపోనాయి అంటే? అలా సెప్తే సాలదా?

…వద్దా.

…నిజమే. ఒక అబద్దం మీద ఇంకోటి వద్దు. కానీ నేను కల్పించినానని తెలిస్తే రేపట్నుంచి ఈ పేటలో నా ప్రార్దనకి ఎవరు తలొంచుతారండి? సచ్చిన బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ మాట ఇన్న తల్లులున్నారు. ఆళ్ళ మొకాలు ఎలా సూడను? …మీకేటండి, మీరు శ్రీకాకుళంలో ఉన్నారు—

…ఆగండి.

సూరీ! నువ్వెప్పుడొచ్చినావురా?

…గున్నమ్మ కళ్ళు తేలేస్తన్నాదా? నన్ను ప్రార్దనకి రమ్మన్నాదా? …వస్తాను. దారిలో సేస్తాను ప్రార్దన, లారీలో సేస్తాను. ముందు ఇలా సూడు. నా మొకం సూడరా.

ఆ మాట పుస్తకంలో నేదు.

…నేదురా. ఐదో అద్యాయమే నేదు. నేను కల్పించినాను. దేవుడు అన్నేదు, నేను అన్నాను. కొడతావా, కొట్టు. ఊరంతా సెప్తావా, సెప్పు. ముందు ఎల్లి ఆ లారీ ఆపు, నాయనా! నీ పెళ్ళాం సచ్చిపోతన్నాది, నేను అబద్దం ఆడబట్టి సచ్చిపోతన్నాది!

…

…ఎల్లేడండి. పరిగెడతన్నాడు. కిటికీలోంచి కనబడతన్నాడు… లారీ ఏపే. లారీ ఏపే ఎల్తన్నాడు! ఎనకాల సెక్క తీసీమని అరుస్తన్నాడు.

మీరు సైకిలేసుకుని ఆసుపత్రి కాడికి వచ్చీయండి. డాక్టరమ్మతో ముందే సెప్పి ఉంచండి. ప్రాణంతో తెస్తామో నేదో…

…ఏటన్నాడా? తిట్టనేదండి. కొట్టనేదు. గుమ్మం దిగబోయి, ఎనక్కి తిరిగి ఒక్క మాట అడిగినాడు.

"మరి మీరు నేర్పిన మిగతా మాటలో?" అన్నాడు.

…డ్రైవరు ఆరను కొడతన్నాడు. ఎల్తన్నాను అయ్యగా—