జానెడు అక్షరాలు

అది కాదోయ్, ముందు నా మాట విను. ఫోటోలోకి వెళ్ళి కూర్చున్నా ఆ చూపు మాత్రం మారలేదు నీకు. నేనింకా చొక్కా కూడా విప్పలేదు, అప్పుడే ఏం జరిగిందని చూస్తావేం?

ఏమీ జరగలేదు. ఆస్పత్రి గోడ మీద రెండంటే రెండు మాటలు రాయమన్నారు. రాశాను. అదీ తప్పేనా?

'నిశ్శబ్దం పాటించండి.' అంతే. ముప్పై ఎనిమిదేళ్ళుగా బోర్డులు రాస్తున్నవాడికి ఇదొక లెక్కా? రోగులు కూర్చునే వరండాలో, బల్లల పైన, జానెడు ఎత్తు అక్షరాలు, నీలం రంగు. తొమ్మిదింటికి నిచ్చెన వేశాను. పదకొండింటికి చూసుకుంటే 'నిశ్శబ్దం' ఒక్కటే గోడంతా పట్టేసింది. శ కింద వత్తు బల్ల వెనక్కి దిగిపోయింది. ఇక 'పాటించండి' ఎక్కడ పెట్టను? మూల తిప్పి, తలుపు మీదుగా లాక్కెళ్ళి, మందులిచ్చే కిటికీ దగ్గర ముగించాను.

మేనేజరమ్మ వచ్చి చాలాసేపు చూసింది. "అయ్యా, నిశ్శబ్దంగా ఉండమని ఇంత గట్టిగా అరవాలా?" అంది. బల్లల మీద వాళ్ళంతా నవ్వారు. కాలు విరిగినాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి, మూడంతస్తుల గోడలూ ఊరికే రాసిపెడతానని మాటిచ్చాను. పైకప్పు మీద కూడా రాస్తానన్నాను. మంచం మీద పడుకున్నవాళ్ళు ఎటు చూస్తారు మరి? మంచి ఆలోచనా కాదా, నువ్వే చెప్పు.

చెప్పవు. నిద్రపోతున్నారా అని అడుగుతావు. పోతున్నానుగా, మూడు రోజుల్నుంచి రెండేసి గంటలు. నిద్ర రాక కాదు, తీరిక లేక.

అసలిదంతా ఆ డాక్టరుగారి పని. రోజూ వేసుకునే తెల్ల మాత్రలతో ఏ గొడవా లేదు, వేళకి వేస్తూనే ఉన్నాను, ఒట్టు. పేచీ అంతా ఈ చిన్న పసుపు మాత్రతోనే. 'అవసరమైనప్పుడు ఒకటి' అని రాశారు. అవసరమైందని నాకెలా తెలుస్తుందండీ అన్నాను. పొంగు మీదున్నవాడికి లోకంలో తనంత కుదురైనవాడు ఇంకొకడు కనపడడు కదా. ఆయన నావైపు చూడనైనా లేదు. నీవైపు తిరిగి, "ఆవిడకి తెలుస్తుంది" అన్నారు.

బైపోలార్ అన్నది ఆయన పెట్టిన పేరు. నువ్వు పెట్టినవి పొంగూ, కుంగూ. నాకైతే నువ్వు పెట్టినవే నచ్చాయి, వాటికి నోరు తిరుగుతుంది. కుంగినప్పుడు నా అక్షరాలు చీమల బారులా ఉండేవి. బోర్డు చదవాలంటే జనం మెట్లెక్కాల్సి వస్తోందని బట్టలకొట్టాయన మొత్తుకోలేదూ? ఇక పొంగు సంగతి చెప్పేదేముంది. ఈ మాత్ర ఎరగని రోజుల్లో, నీ పేరు ఊరంతా చదవాలని నీళ్ళ ట్యాంకు ఎక్కాను. మొదటి అక్షరం దగ్గరే కిందపడి నాలుగు నెలలు మంచం దిగలేదు. ఆ అక్షరం ఇప్పటికీ ఉందక్కడ. ఎవరిదో ఎవరికీ తెలీదు.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు నువ్వే నా కొలబద్దవి. క్యారియర్ పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేదానివి. నన్ను పలకరించే ముందు అక్షరం మీద చెయ్యి పరిచేదానివి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. జానెడుంటే క్యారియర్ చేతికిచ్చి వెళ్ళిపోయేదానివి. జానా బెత్తెడుంటే పర్సులోంచి మాత్ర తీసి గ్లాసులో నీళ్ళు పోసేదానివి. ఒక్క మాట ఉండేది కాదు. ఒకసారి తడి రంగు అంటుకుని, నాలుగు రోజులు అరచేతిలో ఎర్రటి 'క' మోసుకు తిరిగావు.

నువ్వు పోయాక ఆ అవసరమేదో మీ తమ్ముడి జేబులోకి వెళ్ళింది. మంచివాడే, కాదనను. కానీ వాడికి కొలతలేం తెలుసు? నేను గొంతెత్తితే అవసరం. గట్టిగా తుమ్మినా అవసరమే. నువ్వు పోయిన రోజయితే, నేను నోరు తెరిచేలోపే రెండు మాత్రలు వేసేశాడు. "బావా, ఇంతమందిలో నువ్వు అదుపు తప్పితే పట్టుకునేవాళ్ళెవరు?" అన్నాడు. స్తంభంలా నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా ఎంత నిబ్బరమో అనుకున్నారు. నిబ్బరం నాది కాదోయ్, మందుల కంపెనీది. ఒక్క చుక్క రాలేదు నాకు. నీ కోసం ఏడవనివ్వలేదని వాడి మీద కోపం వచ్చింది, మాత్రల డబ్బా లాక్కున్నాను. నా అవసరం నేనే చూసుకుంటానన్నాను.

చూసుకుంటున్నాను కూడా. ఇవాళ కొలవకుండా రాశాననుకున్నావా? ప్రతి అక్షరం మీదా నా చెయ్యి పెట్టాను. చాలకపోతే కాస్త పైకి జరిపి పెట్టాను. అదీ జానే అనుకున్నాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

దారం సంగతి కదా అడగబోతున్నావు? వస్తున్నా.

నువ్వు ఆస్పత్రిలో చేరే ముందురోజు కుట్టుపెట్టెలోంచి దారం తీసి, నీ జాన కొలిచి, రెండు చివరలా ముడేసి ఇచ్చావు. నేను రాలేని రోజు దీంతో కొలుచుకోండి అన్నావు. రెండు రోజుల్లో వచ్చేదానికి దారమెందుకని కసిరాను నిన్ను. మాత్రల డబ్బాలో పడేశాను. మీ తమ్ముడి దగ్గర లాక్కున్నప్పటి నుంచీ, నాలుగు నెలలుగా ఆ డబ్బా రంగుల సంచిలో నాతోనే తిరుగుతోంది, దారం మాత్రం తియ్యలేదు. తీస్తే నువ్వు రావని ఒప్పుకున్నట్టే కదా.

ఇవాళ మధ్యాహ్నం తీశాను. మేనేజరమ్మ అటు తిరిగాక 'ని' మీద పెట్టి చూశాను. రెండు దారాలూ, ఆ పైన బెత్తెడు.

సరే, ఇంత దూరం వచ్చాక ఇంకోటి కూడా చెప్పేస్తాను. కోప్పడకు. ఆ పంతొమ్మిదేళ్ళలో అక్షరాలు ప్రతిసారీ వాటంతటవే పెరగలేదు. కొన్నిసార్లు నేనే పెంచాను. ఒళ్ళు తెలిసే, స్కేలు పెట్టి మరీ. జానెడుంటే వెళ్ళిపోయేదానివిగా. ఎక్కువుంటే మాత్ర వేసి, మగతలో నేను నిచ్చెనెక్కుతానేమోనని సాయంత్రం దాకా పక్కనే కూర్చునేదానివి. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కూడా కాదు. దానికోసం ఒక మాత్ర మింగితే పోయేదేముందనుకున్నాను. డాక్టరుగారు వింటే కొడతారు. కానీ అవసరమైనప్పుడు అన్నారే గానీ, ఏ అవసరమో ఆయనా రాయలేదు కదా.

అందుకే ఇవాళ్టిది తేల్చుకోలేకుండా ఉన్నాను. ఇది పొంగేనా, లేక నువ్వొచ్చి చెయ్యి పెడతావని నేనే పెంచానా? లోపల మాత్రం హాయిగా ఉందోయ్. ఇన్నాళ్ళకి నీలం నీలంగా కనపడింది. నీ గొంతు కూడా పక్కగదిలోంచి వచ్చినంత దగ్గరగా ఉంది. మాత్ర వేసుకుంటే ఇదంతా పోతుంది. వేసుకోకపోతే నేను పోతాను. నీళ్ళ ట్యాంకు ఇంకా అక్కడే ఉంది, నీ పేరింకా పూర్తి కాలేదు. మధ్యాహ్నం నుంచి రెండుసార్లు అటు చూశాను.

వేసుకుంటున్నానులే. ఇదిగో చూడు, నాలిక కింద దాచడం లేదు. నీళ్ళు కూడా నేనే పోసుకున్నాను.

అయిపోయింది. మింగాక గుర్తొచ్చింది, ముందు కాసేపు ఏడ్చి తర్వాత వేసుకుందామనుకున్నాను. మన పనులెప్పుడూ ఇంతే, ముందుదేదో వెనకదేదో. ఇంకో అరగంటకి నీ గొంతు తగ్గిపోతుంది. చెప్పేదేమైనా ఉంటే ఈలోపే చెప్పు.

ఏమీ లేదా. మంచిది.

రేపు ఆ గోడకి తెల్లరంగు వేసి మళ్ళీ రాయాలి. దారం పెట్టే రాస్తాను, సరిగ్గా జానెడు. నువ్వు వచ్చి చూడాల్సిన అవసరం ఉండదులే.